బరువు తగ్గడానికి ఒక హాజరు పట్టీ

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి సాహెబు నన్ను ప్రతి సంవత్సరంలాగే విద్య గురించి మాట్లాడమన్నారు. ఈసారి వద్దు, కడుపు గురించి మాట్లాడతానన్నాను. ఆయన నన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసి, “మీరా?” అన్నారు. ముందు వరుసలో కూర్చున్న మిత్రులు కూడా అదే అనుకొని నవ్వుకొంటున్నారు, నాకు కనిపిస్తూనే వుంది. నవ్వండి, ఫరవాలేదు. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, ఈ ఉదయం నా బరువు 86 కిలోలు. డాక్టర్ల లెక్కలో నేనింకా లావు మనిషినే. బరువు తగ్గిపోయి గెలిచినవాడిగా కాదు, తగ్గుతూ, మధ్యలో పెరుగుతూ, మళ్ళీ తగ్గుతూ వున్నవాడిగా మాట్లాడుతున్నాను. ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి.

ముందు మా అబ్బా సంగతి చెప్పాలి. ఆయన దర్జీ. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గర్లోనే ఒక చిన్న గదిలో ఆయన మిషను వుండేది. షేర్వానీ కాజాలు చేత్తో కుట్టడంలో ఆయనకు మంచి పేరు. నేను డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రం దుకాణానికి వెళితే, “బేటా, ఈ సూదిలో దారం ఎక్కించు” అనేవారు. చత్వారమనుకొన్నాం. కళ్ళద్దాలు మార్చాం. మళ్ళీ మార్చాం. చివరికి కంటి డాక్టరు కళ్ళలోకి చూసి, అద్దాల సంగతి తర్వాత, ముందు షుగరు పరీక్ష చేయించండన్నాడు. అప్పటికే కంటి లోపలి పొరలో రక్తం చిమ్మి వుంది. ఎన్నేళ్ళ నుంచి షుగరు వుందో ఎవరికీ తెలియదు. నొప్పి లేదు గదా, ఎవరు పరీక్ష చేయించుకొంటారు? చివరి నాలుగేళ్ళు ఆయనకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. రోజూ ఉర్దూ పత్రిక నేనే చదివి వినిపించేవాణ్ణి. 2016లో పోయారు. ఆయన మెడలో వేసుకొనే కొలత టేపు మా అమ్మీ దగ్గర వుంది. ఆ టేపు సంగతి మళ్ళీ చెబుతాను.

ఇంత చూసిన కొడుకు జాగ్రత్తపడి వుండాలి గదా! పడలేదు. ఉద్యోగం కుర్చీలో, ప్రయాణం స్కూటరు మీద, స్టాఫ్ రూములో టీ మీద టీ. ఏడాదికి కిలోన్నర, రెండు కిలోల చొప్పున ఎక్కింది. తగ్గాలని నేను అనుకోకపోలేదు. మూడుసార్లు అనుకొన్నాను. మూడుసార్లూ కారణాలు వేరు. అవి చెబితే మీలో చాలామందికి మీ సంగతే అనిపిస్తుంది.

మొదటిది, మా తమ్ముడి పెళ్ళి. పాత షేర్వానీ బొత్తాలు కలవలేదు. నలభై రోజుల్లో పట్టించాలని రాత్రి భోజనం మానేశాను. షేర్వానీ పట్టింది, ఫోటోలు వచ్చాయి. వలీమా విందులోనే నోరు తెరుచుకొంది, రెండు నెలల్లో పోయిందంతా తిరిగి వచ్చింది. పెళ్ళి అయిపోయింది గనుక కారణమూ అయిపోయింది.

రెండోది సిగ్గు. పిల్లలు నాకు ‘మోటే మాస్టర్ సాబ్’ అని పేరు పెట్టారని బల్ల మీది రాతలు చూసి తెలుసుకొన్నాను. కోపంతో వారం రోజులు దాదాపు పస్తున్నాను. ఎనిమిదో రోజు ప్రార్థన సమయంలో ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడబోయాను. ఆ పిల్లలే పట్టుకొని కూర్చోబెట్టారు, వాళ్ళే నీళ్ళు తెచ్చారు. సిగ్గుతో చేసిన పని సిగ్గు వున్నంతసేపే సాగుతుంది. మన ఇళ్ళలో లావుగా వున్న ఆడపిల్లను వచ్చినవాళ్ళ ముందు ఎత్తిపొడిస్తే తగ్గుతుందనుకొనే పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి. ఆ పిల్ల మన ముందు తినడం మానేసి, వంటింట్లో తలుపు చాటున తింటుంది, అంతే.

మూడోది డబ్బాలో వచ్చే పొడి. ఎవరు అమ్మారో, ఏ కంపెనీయో ఇక్కడ అనవసరం. పాలలో కలుపుకొని తాగితే చాలన్నారు. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను, అబద్ధం చెప్పను. జీతంలో మంచి భాగం దానికే పోయింది. డబ్బాలు కొనలేక మానేశాను. ఏడాది తిరిగేసరికి ఆ తొమ్మిదికి మరో మూడు చేరాయి.

2023 జూన్‌లో పాఠశాలలు తెరిచిన వారంలో రక్తపరీక్ష చేయించుకొన్నాను. మూడు నెలల సగటు చూపే పరీక్ష వుంది గదా, అందులో 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా అయితే షుగరు గుమ్మం దగ్గర నిలబడినట్టు, 6.5 అయితే లోపలికి వచ్చినట్టు. నా బరువు అప్పుడు 94. డాక్టరు మందు చీటీ రాయబోతూ ఆగి, “మీరు ఎందుకు తగ్గాలనుకొంటున్నారు మాస్టరుగారూ?” అని అడిగాడు. “ఆరోగ్యం కోసం” అన్నాను. “అది అందరూ చెప్పే జవాబు. మీది చెప్పండి” అన్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి పిల్లలను ప్రశ్నలడిగే నాకు ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాలేదు.

ఆ జవాబు రాత్రికి వచ్చింది. ఇంట్లో ఏడో తరగతి కాపీలు దిద్దుతున్నాను. ఉర్దూ చదివినవారికి తెలుసు, మన అక్షరాల్లో చుక్కే ప్రాణం. ఒక చుక్క పై నుంచి కిందికి మారితే ‘ఖుదా’ ‘జుదా’ అవుతుంది. ఆ చుక్కలు వెతుకుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకొన్నాను. అబ్బా కూడా ఇలాగే తీసి తుడుచుకొనేవారు. ఒక్కసారిగా భయం వేసింది. నాకు కళ్ళు కావాలి. ఉద్యోగం అయిపోయాక కూడా చదువుకోవాలి, నా పత్రిక నేనే చదువుకోవాలి. ఈ కారణం పెళ్ళితో అయిపోయేది కాదు, పిల్లల నవ్వుతో వచ్చిందీ కాదు. మీ కారణం మీరు వెతుక్కోండి. నాది మీకు పనికిరాదు. ఒకరికి మోకాళ్ళు, నేల మీద దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చొని లేవగలగడం. ఒకరికి మనవణ్ణి ఎత్తుకోవడం. మా అమ్మీకైతే, మేడ మెట్లెక్కి తన మల్లెచెట్టు తనే చూసుకోవడం. ఎంత చిన్నదైనా సొంతదై వుండాలి.

ఇక ఎంత తగ్గాలి అన్న మాట. 94 నుంచి 65కు రావాలని పట్టికలు చెబుతాయి. ఆ అంకె చూస్తేనే కాళ్ళు చల్లబడతాయి. డాక్టరు ముందు ఆరున్నర కిలోలు చూద్దామన్నాడు. ఆ ఆరున్నర ఎక్కడిదని అడిగితే, అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన సంగతి చెప్పాడు. షుగరు గుమ్మంలో వున్న 3,234 మందిని తీసుకొని, వారిలో ఒక భాగానికి పెట్టిన లక్ష్యాలు రెండే: ఉన్న బరువులో నూటికి 7 వంతులు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక లాంటి శ్రమ చేయడం. 2002లో ఫలితం ప్రకటించారు. ఏమీ చేయనివారితో పోలిస్తే వీరిలో షుగరు రావడం నూటికి 58 వంతులు తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర తీసుకొన్నవారిలో తగ్గింది 31 వంతులే. 94లో 7 వంతులంటే ఆరున్నర కిలోలు. లెక్క సరిపోయింది.

అమెరికా సంగతి మనకెందుకంటారేమో. మన పక్కనే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం 531 మంది మీద ఇలాంటి పరిశోధనే చేసి 2006లో ప్రకటించింది. మూడేళ్ళలో, మామూలుగా వున్నవారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. నడక, ఆహారం మార్చుకొన్నవారిలో 39 మందికి వచ్చింది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క వేరే వుంది. ఈ మార్చుకొన్నవారి బరువు పెద్దగా తగ్గనేలేదు! అయినా మేలు జరిగింది. తూకం యంత్రం ముల్లు కదలలేదని ఏడుస్తూ నడక మానేసినవాళ్ళను నేనెంతమందినో చూశాను, నేనూ వారిలో ఒకణ్ణే. ముల్లు కదలకపోయినా లోపల పని జరుగుతోందని ఎవరైనా అప్పుడే చెప్పివుంటే ఎంత బాగుండేది!

మా తరగతి గది సంగతి తీసుకోండి. అన్ని సబ్జెక్టుల్లో తప్పిన పిల్లవాణ్ణి పిలిచి, “నువ్వు జిల్లాలో మొదట రావాలి” అంటే వాడు మర్నాటి నుంచి బడికే రాడు. “రేపు ఈ పదిహేను మాటలు రాసుకొని రా” అంటే ఏడుస్తూనైనా రాసుకొస్తాడు. మార్కులు వాడి చేతిలో లేవు, పదిహేను మాటలు వున్నాయి. కిలోలు కూడా నా చేతిలో లేవు. ఉప్పు ఎక్కువైన రోజు ఒళ్ళు నీరు పట్టుకొంటుంది, ఒక్క రాత్రిలో కిలో పెరిగినట్టు చూపిస్తుంది. నా చేతిలో వున్నది ఈ రోజు నడవడం, ఈ రోజు టీలో చక్కెర వేసుకోకపోవడం.

కాబట్టి బీరువాలోంచి ఒక పాత హాజరు పట్టీ తీశాను. మా బడిలో హాజిర్‌కు ‘హే’ పెడతాం, గైర్‌హాజిర్‌కు ‘ఘైన్’ పెడతాం. నా పేరు ఒక్కటే రాసుకొని, అరగంట నడిచిన రోజు ‘హే’, నడవని రోజు ‘ఘైన్’. నూటికి నూరు హాజరు వుండే పిల్లవాడు ఏ బడిలోనైనా అరుదే. పరీక్షకు కూర్చోవడానికి 75 శాతం చాలునంటాం గదా, నాకూ అదే నియమం పెట్టుకొన్నాను. నెలకు 23 రోజులు. మొదటి నెల 11 వచ్చాయి. రెండో నెల 17. నాలుగో నెల 24. మా చిన్నమ్మాయి ఆ పట్టీ మీద ఎర్ర సిరాతో ‘షాబాష్’ అని రాసింది. నేను ఇన్నేళ్ళు ఎంతమంది కాపీల మీద ఆ మాట రాశానో! దాని బలం నాకు అప్పుడు తెలిసింది.

ఉత్సాహం వస్తే మొదలుపెడదామని కూర్చొంటే అది రాదు సుమా. చలికాలం తెల్లవారుజామున ఎవరికి వస్తుంది? పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ఒక వ్యాసంలో చెప్పిన ఉపాయం నాకు పనికివచ్చింది. ‘నడుస్తాను’ అని వూరికే అనుకొనేదాని కన్నా, ‘ఫలానా చోట, ఫలానా పని అయిన వెంటనే నడుస్తాను’ అని ముందే ముడివేసుకొన్నది ఎక్కువగా నెరవేరుతుందట. నేను ఫజర్ నమాజుకు చెప్పులు మాని బూట్లతో వెళ్ళడం మొదలుపెట్టాను. మసీదు మెట్ల మీద బూట్ల తాళ్ళు కట్టుకొన్నాక ఇంటి వైపు కాక తుంగభద్ర వైపు తిరగడమే. నిర్ణయం తీసుకోవలసిన పనే లేదు, అది బూట్లే తీసుకొన్నాయి.

మా సహోద్యోగి ఒకాయన ఫోనులో అడుగులు లెక్కపెడతాడు. రోజుకు పదివేలు దాటాలంటాడు. దాటని రోజు రాత్రి పదకొండు గంటలకు వరండాలో తిరుగుతూ వుంటాడు. మూడు వారాల్లో విసిగి మానేశాడు. ఆ పదివేల అంకె డాక్టర్లు చెప్పింది కాదు. 1965లో జపానులో అమ్మిన అడుగుల లెక్క యంత్రం పేరే ‘పదివేల అడుగుల మీటరు’. ఆ పేరే లోకమంతా నియమంగా మారింది. ఆయనకు మూడువేలతో మొదలుపెట్టమని చెప్పాను. ఇప్పుడు మళ్ళీ నడుస్తున్నాడు.

ఇక వంటిల్లు. నడక ఒక్కటే బరువు తగ్గించదు, ఈ మాట నిక్కచ్చిగా చెప్పాలి. అరగంట నడిస్తే నాలాంటి వాడికి సుమారు 150 కేలరీలు ఖర్చవుతాయి. ఒక పెద్ద చెంచా నూనెలో 120 వున్నాయి. నడిచి వచ్చిన ఆకలితో ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు లాగించామంటే ఆ రోజు నడక ఖాతా మూసేసినట్టే. నేను చాలా రోజులు అలాగే మూశాను.

నా చక్కెర లెక్క ఆరో తరగతి పిల్లలతో బోర్డు మీద చేయించాను. రోజుకు ఆరు టీలు, టీకి రెండు చెంచాలు, చెంచాకు 5 గ్రాములు. రోజుకు 60 గ్రాములు, నెలకు 1 కిలో 800 గ్రాములు. పిల్లలు నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మంచి హద్దు రోజుకు సుమారు 25 గ్రాములు. ఒక్కసారిగా మానలేదు. పదిహేను రోజులకు అర చెంచా చొప్పున దించాను. టీలు మూడయ్యాయి. ఇప్పుడు ఎవరింట్లోనైనా తీపి టీ ఇస్తే షర్బత్ తాగినట్టుంటుంది.

నూనె సంగతి దానికన్నా గట్టిది. మనిషికి రోజుకు పాతిక గ్రాముల చొప్పున వేసుకొంటే మా ఐదుగురికి నెలకు నాలుగు లీటర్లు సరిపోవాలి. నేను తెచ్చేది ఏడు లీటర్లు. మా ఇంట్లో వాళ్ళతో ఈ మాట అన్నప్పుడు, “బగారా అన్నంలో నూనె తేలకపోతే పెట్టినవాళ్ళను పిసినారులంటారు, మీకేం తెలుసు” అన్నారు. నిజమే. తర్వాత ఆమే ఒక పద్ధతి కనిపెట్టారు. నెల మొదట్లో ఐదు లీటర్లు మాత్రమే తెప్పించి, అదే నెలంతా రావాలని పెట్టుకొన్నారు. ఎవరినీ తినవద్దనలేదు, డబ్బానే తగ్గించారు.

దావత్‌ల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధమవుతుంది. “నా మీద ఒట్టు, ఇంకొక్క ముక్క” అని వడ్డించేవాళ్ళ ప్రేమను కాదనలేం. నేను కాదనను. పళ్ళెంలో మొదటిసారి వడ్డించుకొన్నదానితో ఆపి, తర్వాత ఖాళీ పళ్ళెం ఎదురుగా వుంచుకోకుండా చేయి కడుక్కొని వచ్చేస్తాను. ఖుబానీ కా మీఠా మాత్రం రెండు చెంచాలు తింటాను, అది మానే ఉద్దేశం నాకు లేదు. రంజాన్‌లో ఉపవాసం వల్ల బరువు తగ్గుతుందనుకొంటాం. ఇఫ్తార్‌లో పకోడీలు, తర్వాత హలీం, సహరీలో పరాఠాలు అయితే ఎలా తగ్గుతుంది? షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం రంజాన్‌కు ముందే డాక్టరును కలవాలి, మోతాదులు సొంతంగా మార్చుకోకూడదు. బరువు తగ్గించే ఇంజక్షన్లు కూడా ఇప్పుడు వచ్చాయి. కొందరికి అవసరమే కావచ్చు, అది డాక్టరు చూసి చెప్పవలసినదే గాని మందుల షాపులో అడిగి తెచ్చుకొనేది కాదు.

2024 ఫిబ్రవరి నాటికి నేను 87 కిలోల 500 గ్రాములకు వచ్చాను. ఆరున్నర పూర్తయింది, రక్తపరీక్షలో 5.9 వచ్చింది. ఇక్కడితో కథ ఆపితే వినడానికి బాగుంటుంది. ఆపై రంజాన్ వచ్చింది, ఈద్ వచ్చింది, వరుసగా నాలుగు పెళ్ళిళ్ళు వచ్చాయి. మే నెల పట్టీ నిండా ‘ఘైన్’లే. బరువు 89 కిలోల 800. మునుపైతే ‘పోయింది, మన వల్ల కాదు’ అని వదిలేసేవాణ్ణి. ఈసారి పట్టీ చేతిలో వుంది. నెల రోజులు గైర్‌హాజరైన పిల్లవాడి పేరు మేం కొట్టేయం, ఇంటికి వెళ్ళి పిలుచుకొస్తాం. జూన్ ఒకటో తేదీన నన్ను నేనే పిలుచుకొచ్చాను. అక్కడి నుంచి మళ్ళీ దిగి ఇప్పుడు 86.

అబ్బా టేపు సంగతి చెబుతానన్నాను. దానికి ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు. పూణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్ 2004లో ఒక ఫోటో ప్రచురించారు. ఆయనా, ఒక ఇంగ్లీషు డాక్టరూ పక్కపక్కన. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరూ సమానం. ఒంట్లో కొవ్వు మాత్రం ఆ దొరగారికి 9 శాతం, మన డాక్టరు గారికి 21 శాతం. మనం సన్నగా కనిపిస్తూనే పొట్టలో కొవ్వు దాచుకొనే జాతి. అందుకే మనవాళ్ళకు నడుము కొలత హద్దులు పెట్టారు: మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. బెల్టు పెట్టుకొనే చోట కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. నాది 108 వుండేది, ఇప్పుడు 99. తూకం యంత్రం కొనలేనివారికి దర్జీ టేపు చాలు.

అదే టేపుతో మా ఇంట్లో వాళ్ళనూ కొలుచుకోమన్నాను. 96 వచ్చింది. డాక్టరు ఆమెకు థైరాయిడ్ కూడా పరీక్ష చేయించి, అది సరిగానే వుంది, నడవండి అన్నాడు. ఇంటికి వచ్చాక ఆమె, “నడవమంటారు సరే. ఎక్కడ నడవాలో కూడా చెప్పండి” అన్నారు. నాకు మళ్ళీ జవాబు రాలేదు. నాకు నది గట్టు వుంది, తెల్లవారుజామున ఒంటరిగా వెళ్ళినా ఎవరూ చూడరు. ఆమెకు ఆ సందు చివర దాకా వెళ్ళాలన్నా ఎవరో ఒకరు తోడుండాలి, ‘ఎక్కడికి’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఏడాది నుంచి మా మేడ మీద నడుస్తున్నారు. ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై రెండు అడుగులు. ఇరవై రెండు వేసి తిరగాలి, మళ్ళీ ఇరవై రెండు. బట్టలు ఆరేసిన రోజు అవీ పక్కకు తోసుకోవాలి. ఆమె హాజరు నాకన్నా ఎక్కువ. ఆమె పట్టుదల నాకు వుంటే ఈపాటికి 80కి వచ్చేవాణ్ణి.

కార్యదర్శి సాహెబు విద్య గురించే మాట్లాడమన్నారు గనుక బడి సంగతితోనే ముగిస్తాను. మా పాఠశాల మైదానానికి నాలుగువైపులా ప్రహరీ వుంది. పొద్దున్న ఐదున్నర నుంచి ఆరున్నర దాకా అది ఖాళీగా పడివుంటుంది. ఆ గంట ఆడవాళ్ళ నడకకు ఇవ్వడానికి ప్రధానోపాధ్యాయులు ఒప్పుకొన్నారు. గేటు దగ్గర ఒక దీపం కావాలి, కూర్చోవడానికి ఒక ఆయమ్మ కావాలి. ఈ రెంటి ఖర్చు సంఘం భరించాలని ఈ సభలో అడుగుతున్నాను. తీర్మానం రాసుకొంటారో లేదో కార్యదర్శి సాహెబు ఇష్టం. గేటు తాళం చెవి నా దగ్గర వుంది, సోమవారం నుంచి తీస్తాను. పేర్లు ఇవ్వదలచుకొన్న తల్లులు, అప్పచెల్లెళ్ళు అటువైపు కూర్చున్న మా ఇంట్లో వాళ్ళకు ఇవ్వండి. ఇప్పటికి పన్నెండు పేర్లు వచ్చాయి. కొత్త హాజరు పట్టీ నిన్ననే కొన్నాను, అందులో నలభై గళ్ళున్నాయి.